నింద మోసిన మిషను

మా స్కానింగు సెంటర్లో ఆవిడని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగతా అందరికీ ఆవిడ ఊపిరక్క. ఎక్స్‌రే గదిలోంచి పొద్దస్తమానం వినపడే గొంతు అది: ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. గోడకి ఇవతల కౌంటరులో కూర్చునే నేను ఆ మాటలు విని విని ఒక్కోసారి తెలియకుండానే ఊపిరి బిగబట్టేసేదాన్ని. ఎదురుగా చీటీ పట్టుకుని నిలబడ్డ రోగి, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని నన్నే పరామర్శించేవాడు.

నాకు నోరు కాస్త పెద్దది. ఊపిరక్కకి నోట్లో నాలుకే లేదు. మా ఇద్దరికీ అన్నేళ్ళు ఎలా కుదిరిందని అందరూ ఆశ్చర్యపోయేవారు. ఇందులో వింతేముంది, ఒకరు వాగాలంటే ఒకరు వినాలిగా. మధ్యాహ్నం ఒకే బల్ల మీద అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఆవిడ డబ్బాలో కూర రుచి చూసి, ఉప్పు వెయ్యడం మర్చిపోయావే అని ఒకసారి అంటే, అవునా అని మిగతాది కూడా అలాగే తినేసింది. మంచం మీద మనిషి రెండుగా విరిగి వచ్చినా, ఊపిరితిత్తి నిండా మచ్చలున్న ఫొటో వచ్చినా ఆవిడ మొహంలో ఒక గీత కదిలేది కాదు. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడకి గర్వం అనుకునేవారు. గర్వం లేదు, ఏమీ లేదు. ఆవిడ లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది.

నేను చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. ఎముకల డాక్టరు నడకని అచ్చుగుద్దినట్టు నడిచి చూపించేది. ఆవిడ నవ్వితే తలుపు మూసున్నా నా కౌంటరు దాకా వినపడేది. ఆ రోజుల్లోనే నెల తప్పింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి తప్పిన నెల.

ఫొటోలు చూసి జబ్బేమిటో చెప్పే డాక్టరుగారిని మేం ఫిల్ముల డాక్టరంటాం. సంగతి తెలియగానే ఆయన ఊపిరక్కని కూర్చోబెట్టి ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో మాట్లాడారు. కిరణాల దగ్గర పనిచేసేవాళ్ళు గుండె మీద చిన్న బిళ్ళ ఒకటి పెట్టుకుంటారు. ఒంటికి ఎంత సోకిందో అది లెక్క చెబుతుంది. ఊపిరక్కకి పొట్ట మీద పెట్టుకోవడానికి రెండో బిళ్ళ కూడా ఇచ్చారు. రోగి మీద కిరణాలు పడేటప్పుడు ఆవిడ ఉండేది సీసపు రేకు పరిచిన గోడ వెనక, అద్దం కిటికీ దగ్గర. పొట్ట మీది బిళ్ళ ఆఖరిదాకా చెప్పుకోదగ్గదేమీ చూపించలేదు. చూపిస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు కూడా.

తొమ్మిదో నెల వచ్చాక సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఆ సెలవులో ఉండగానే బిడ్డ కడుపులో పోయింది. సెలవు ఇంకా మిగిలుండగానే పనికి వచ్చేసింది. ఏం చెప్పాలో తెలియక నేను టీ తెచ్చిచ్చాను. తాగింది. లోపలికెళ్ళి ఊపిరి పీల్చండి అంది. గొంతు అదే, మనిషి మాత్రం అది కాదు. ఆ తర్వాత ఆవిడకి మళ్ళీ కడుపు పండలేదు.

ఇంట్లో ముగ్గురు. ఆవిడ, నీళ్ళ పంపులు బాగుచేసే మొగుడు, అత్తగారు. మొగుడు ఆవిడకంటే మౌనం. ఆ ఇంట్లో మాట్లాడే డ్యూటీ మొత్తం అత్తగారిదే. పెద్దావిడ చెడ్డమనిషి కాదు. కోడలికి జ్వరమొస్తే కాళ్ళు పట్టిన మనిషి. కానీ బిడ్డ పోయిన మర్నాటి నించీ ఒకటే పాట అందుకుంది: ఆ మాయదారి మిషనే నా ఇంటి దీపాన్ని మింగేసింది. ఆ మాట గడప దాటింది, వీధి దాటింది, మా సెంటరు దాకా వచ్చింది. పరీక్షలకి వచ్చిన ఆడవాళ్ళు నా దగ్గర గొంతు తగ్గించి, ఇక్కడ పనిచేసే ఆవిడకేగా అలా అయింది అని అడిగేవారు. ఫిల్ముల డాక్టరుగారు నొచ్చుకున్నారు. నేను మీ ఇంటికొచ్చి చెప్పనా అన్నారు. ఊపిరక్క వద్దండి అంది.

నాకు ఒళ్ళు మండిపోయేది. మీట నొక్కితే వచ్చి, వదిలితే పోయే వెలుతురది. దీపం ఆర్పాక వెలుతురుని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్తామా? కానీ పెద్దావిడ లెక్క వేరు. కిరణాలు దుమ్ములాగా బట్టలకి అంటుకొస్తాయట. కడుపుతో ఉన్న మనిషి ఎవరైనా ఇంటికొస్తే ఊపిరక్క పనిలోంచి వచ్చీ రాగానే స్నానం చెయ్యాలి, విడిచిన బట్టలు వేరే బకెట్లో నానెయ్యాలి, ఆ తర్వాతే వాళ్ళ ఎదటికి రావాలి. చేసేది. నోరెత్తకుండా చేసేది.

"ఎందుకు పడతావు? మిషను కాదని ఒక్కసారి మొహం మీద చెప్పెయ్యరాదూ?" అని ఒకనాడు గట్టిగానే నిలదీశాను.

"ఆవిడకి అలా అనుకుంటే నిద్ర పడుతుంది. పట్టనీ," అంది.

అది మంచితనం అనుకున్నాను. మంచితనానికైనా హద్దుండాలి, ఇది ఎద్దు మొద్దు స్వరూపం అని కూడా తిట్టుకున్నాను. అంతకు మించి నాకేం తట్టలేదు.

పనిలో మాత్రం ఆవిడకో పద్ధతి ఉండేది. ఆడమనిషి ఎవరొచ్చినా వెంట వచ్చినవాళ్ళని బయట నిలబెట్టి, తలుపేసి, అప్పుడు అడిగేది నెల తప్పిందా అని. అత్త ఎదుట అడిగితే కోడలు చెప్పదు, తల్లి ఎదుట అడిగితే పెళ్ళికాని పిల్ల అసలే చెప్పదు. నా కోడలితో మాట్లాడ్డానికి నన్ను బయటికి తోస్తారా అని అత్తలందరూ వచ్చి కౌంటరు దగ్గర నా మీద పడేవారు. నాకు అది రోజూ ఉండే భాగోతం.

అలా అడిగినా ఒక్కోసారి తప్పిపోతుంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఒకతె మెట్లమీద జారిపడి నడుం ఎక్స్‌రేకి వచ్చింది. అడిగితే లేదంది. పాపం ఆ పిల్లకే తెలియదు. తెలిశాక ఇంటిల్లిపాదీ బెంబేలెత్తి, కడుపు తీయించేద్దామని తీర్మానించుకుని, ఆ ముక్క డాక్టరు చేత రాయించుకోవడానికి మా దగ్గరికే వచ్చారు. ఫిల్ముల డాక్టరుగారు ఏ మిషను, ఎన్ని ఫొటోలు, ఏ వైపు నించి అని చూసి లెక్క కట్టారు. బిడ్డకి హాని జరిగే కొలతకి అది చాలా దూరంలో ఉందని చెప్పారు. వాళ్ళు తలలూపారే గాని నమ్మలేదు. జనానికి పొట్ట మీద జెల్లు రాసి చూసే స్కానూ, ఎక్స్‌రే, సీటీ అన్నీ ఒకటే, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఊపిరక్క ఆ పిల్లని పక్కకి తీసుకెళ్ళింది. ఏం కాదమ్మా అనే మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ అనలేదు. ఏ ఫొటో తీయించుకోని తల్లులకి కూడా వందలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారనీ, నీకూ ఆ భయం ఉంటుందనీ, ఈ ఎక్స్‌రే వల్ల మాత్రం అది పెరగదనీ చెప్పింది. ధర చెప్పినట్టు చెప్పింది. ఎందుకో గాని ఆ పిల్ల డాక్టరు మాటకంటే దానికే కుదుటపడింది.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల కొడుకుని ఎత్తుకుని చూపించడానికి వచ్చింది. మేమంతా చుట్టూ మూగాం. ఊపిరక్క గుమ్మంలో నిలబడి చూసి, బాగున్నాడు అని లోపలికెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం డబ్బా ఖాళీ చేసింది.

ఇంతకీ చెప్పవలసింది ఆవిడ మేనకోడలి సంగతి. ఊపిరక్క ఆడపడుచు కూతురు, పెద్దావిడకి మనవరాలు. చిన్నప్పట్నించీ సెలవులొస్తే అమ్మమ్మ చేతుల మీదే పెరిగింది. లారీ నడిపే అబ్బాయిని పెళ్ళాడింది. ఏడో నెల వచ్చాక, ఒంటరిగా ఉండలేక అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. ఊపిరక్క స్నానాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ పిల్లకి ఈ అత్తంటే ఇష్టం. కానీ అత్త పక్కన కూర్చుంటే చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయేదట, కప్పుతున్నట్టు. ఈ మాట ఊపిరక్క నాకు ఊరికే, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

ఒకరోజు ఉదయం ఆ పిల్లకి ఛాతీలో పోటు వచ్చింది. మెట్టు ఎక్కితే ఆయాసం, తర్వాత కూర్చున్నా ఆయాసం. దగ్గితే రుమాలు మీద నెత్తుటి చార. మాకు ఎదురుగా ఉన్న కాన్పుల ఆసుపత్రికి తీసుకొచ్చారు. అక్కడి డాక్టరమ్మ నెత్తురు ఎక్కడైనా గడ్డ కట్టిందేమోనని కాళ్ళ నరాలకి జెల్లు స్కాను చేయించింది, ఏమీ కనపడలేదు. పొట్టకి సీసపు ముసుగేసి ఛాతీ ఎక్స్‌రే తీస్తామంటే పెద్దావిడ అడ్డం పడింది. బతిమాలి తీశారు, అందులోనూ ఏమీ లేదు. ఊపిరితిత్తుల రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడిందని డాక్టరమ్మ అనుమానం. రంగు మందు ఎక్కించి సీటీ తీస్తే గాని తేలదు. చక్రాల కుర్చీలో రోడ్డు దాటించి మా దగ్గరికి పంపించింది.

ఆ సీటీ గదిలో డ్యూటీ ఊపిరక్కది.

ఒప్పుదల కాగితం పట్టుకుని నేనూ లోపలికెళ్ళాను. ఆ పిల్ల కుర్చీలో ముందుకి వంగి కూర్చునుంది. పెదాల రంగు నాకు నచ్చలేదు. పెద్దావిడ కుర్చీ పిడి పట్టుకుని నిలబడింది, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. ఊపిరక్క మిషను పక్కన, చేతులు రెండూ జేబుల్లో. తన వాళ్ళే వచ్చినా ఆ మొహం మామూలుగానే ఉంది.

ఫిల్ముల డాక్టరుగారు కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నారు. సున్నా అని అబద్ధం చెప్పనన్నారు. కిరణాలు పడేది ఛాతీ మీద, ఒంట్లోంచి చెదిరి పొట్ట దాకా చేరేది కొంచెం. మనం తినే తిండిలోంచి, నడిచే నేలలోంచి, పీల్చే గాలిలోంచి కూడా ఈ జాతి కిరణాలు వస్తూనే ఉంటాయి. కడుపులో బిడ్డకి తొమ్మిది నెలల్లో వాటి వల్ల ఎంత సోకుతుందో, ఈ ఒక్క స్కానుతో సోకేది దానికి మించదు. తల్లి ఛాతీకి మాత్రం అంతకంటే ఎక్కువే సోకుతుంది, అదీ దాచను. పెద్దయ్యాక ఎప్పుడో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం రవ్వంత పెరుగుతుందేమో, లెక్కల్లో తేలనంత రవ్వ. ఇటు చూస్తే, గడ్డ ఉండి మనం చూడకపోతే ఇద్దరూ పోవచ్చు. ఇవాళే పోవచ్చు.

ఫొటో లేకుండా మందే ఇచ్చెయ్యొచ్చుగా అని పెద్దావిడ అడిగింది. తెలివైన ప్రశ్నే. మొదటి ఇంజెక్షన్ ఎదురాసుపత్రిలో ఇచ్చేశారని, కానీ అది నెత్తురుని పలచబరిచే మందనీ, కాన్పు దాకా, కాన్పయ్యాక కూడా రోజూ పొడవాలనీ, అనుమానం మీద అన్ని నెలలు పొడిస్తే కాన్పులో నెత్తురు ఆగకపోవచ్చనీ ఆయన చెప్పారు. గడ్డ కాకపోతే ఊపిరి ఆడనివ్వనిది ఇంకేదో ఉంది, అదేమిటో కూడా తెలియాలి.

పెద్దావిడ అంతా విన్నది. విని తల అడ్డంగా ఊపింది. లారీలో ఎక్కడో ఉన్న ఆ పిల్ల మొగుడికి ఫోను కలిపితే, అమ్మమ్మగారు ఎలా అంటే అలా అన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ పిల్ల పరిస్థితి అది.

"లెక్కలు మీకు తెలుసు బాబూ. నాకు ఇల్లు తెలుసు. ఈ మిషను ఒకసారి మా ఇంట్లో తిన్నది," అంది పెద్దావిడ. కోడలి వైపు చెయ్యి చూపించింది. "అదుగో, మనిషిని చూడండి. అప్పట్నించీ అలాగే ఉంది. ఇవాళ్టికి ఆగుదాం. దీని మొగుడు వచ్చాక రేపు చూసుకుందాం."

ఆ పిల్ల మెల్లిగా తల తిప్పింది. ఒక్కో మాటకీ ఊపిరి తెచ్చుకుంటూ అడిగింది. "అత్తా. నువ్వు చెప్పు. నీ బిడ్డ దీనివల్లే కదా పోయింది?"

నేను ఊపిరక్కనే చూస్తున్నాను. ఎప్పటిలా వద్దండి అంటుందేమో, ఊరుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ జేబుల్లోంచి చేతులు తీసింది.

"మిషను కాదు," అంది. "నేను సెలవులో ఉన్నాను. ఆ రోజు పొద్దున్నించి బిడ్డ కదల్లేదు. మధ్యాహ్నం ఇంట్లో చెప్పాను. ఎండ మండిపోతోంది, చల్లబడ్డాక వెళ్దాం, కాసేపు పడుకో అన్నారు. నేనూ సరే అన్నాను. నిద్రపోయాను కూడా. సాయంత్రం వెళ్ళేసరికి గుండె ఆగిపోయిందన్నారు."

ఎవరన్నారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పెద్దావిడ చెయ్యి కుర్చీ పిడి మీద నించి జారింది.

"అప్పుడే వెళ్ళుంటే దక్కేదో లేదో ఎవరికీ తెలియదు," అంది ఊపిరక్క అదే గొంతుతో. "మిషను మాత్రం కాదు. ఇప్పుడు నువ్వు ఆగొద్దు."

అప్పుడు నాకు వెలిగింది, ఇన్నేళ్ళూ ఆవిడ కాపాడింది ఎవరినో. నింద మోయడానికి మిషను ఉంది, దానికి మనసు లేదు, ఎన్నేళ్ళయినా మోస్తుంది. అది మోసినంతకాలం ఆ ఇంట్లో ఒక ముసలి ప్రాణం నిద్రపోతుంది. నేను ఎద్దు మొద్దు అని తిట్టుకున్న మనిషి లోలోపల అంత బరువు ఎత్తుకుని తిరిగింది. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది, ఆ బరువు ఇప్పుడు ఎవరి నెత్తిన పడుతుందోనని.

ఆ పిల్ల చెయ్యి చాపి నా దగ్గర కాగితం తీసుకుని సంతకం పెట్టింది. పెద్దావిడ గోడ పట్టుకుని బయటికి నడిచింది.

ఊపిరక్క మేనకోడలిని బల్ల మీద పడుకోబెట్టింది. సీసపు ముసుగు తెచ్చి, ఇది బరువే గాని పెద్దగా చేసేదేం లేదు, లోపల చెదిరేవాటిని ఇది ఆపలేదు, కావాలంటే కప్పుతాను అంది. కప్పు అత్తా అంది ఆ పిల్ల. కప్పింది. పొట్ట మీద అంచులు సర్ది, చెయ్యి ఒక క్షణం అక్కడే ఉంచింది. తర్వాత అద్దం వెనక్కి వెళ్ళి మామూలు మాటలే అంది. అంతా కలిపి నేను ఒక రసీదు రాసేంత సేపు పట్టలేదు.

గడ్డ ఉంది. కుడివైపు, పెద్దదే. ఫిల్ముల డాక్టరుగారు ఫొటో మీద వేలు పెట్టి చూపిస్తూనే రెండో చేత్తో ఎదురాసుపత్రికి ఫోను చేశారు. రేపటిదాకా ఆగుంటే ఏమయ్యేదో ఆయన అనలేదు, మేం అడగలేదు. ఆ పిల్లని అటునించి అటే చేర్చుకున్నారు. ఇంజెక్షన్లు పొడిపించుకుని పొడిపించుకుని తొడలు నల్లబడ్డాయి గాని మనిషి నిలబడింది. నెలలు నిండాక కొడుకు పుట్టాడు. కంఠం సంగతి చెప్పాలంటే, ఎదురాసుపత్రి మూడో అంతస్తులో వాడు ఏడిస్తే మా సెంటర్లో తలలెత్తేవారు. తండ్రి లారీ హారన్ పోలిక అని నేనంటే అందరూ నవ్వారు, ఊపిరక్క తప్ప.

అంతా మంచిదే కదా. కానీ ఆ ఇంట్లో సంగతి అలా లేదు. పెద్దావిడ మాట్లాడ్డం మానేసింది. కోపం కాదు, కోపమైతే అరిచేది. కోడలిని స్నానం చెయ్యమనలేదు. మునిమనవణ్ణి తీసుకొచ్చి ఒళ్ళో పెట్టబోతే, నా చేతులు మంచివి కావు, తీసెయ్యండి అందట. రాత్రిళ్ళు వరండాలో కూర్చునే ఉంటోందని ఊపిరక్క చెప్పింది.

చెప్పినందుకు బాధగా ఉందా అని అడిగాను.

"చెప్పకపోతే పిల్ల పోయేది," అంది. అన్నం కలుపుతూ, "బాధగా ఉండాలని తెలుసు. ఏమీ అనిపించడం లేదు. ఎప్పట్నించో అంతే," అంది.

నా డబ్బాలో కూర సగం తీసి ఆవిడ అన్నం పక్కన పెట్టాను.

ఆ తర్వాత ఒక ఉదయం, ఇంకా రోగులు పెద్దగా రాకముందు, పెద్దావిడ ఒక్కతే మా సెంటరుకి వచ్చింది. తువ్వాలు భుజం మీద, కాళ్ళకి ఇంట్లో తిరిగే చెప్పులు. ఆ సీటీ రోజున తప్ప అన్నేళ్ళలో మా గుమ్మం తొక్కని మనిషి. నేను కంగారుగా ఊపిరక్కని పిలిచాను. ఆవిడ వచ్చి, బల్ల మీద అత్తగారి పక్కన, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఎడంగా కూర్చుంది. నా కౌంటరుకి వాళ్ళు రెండడుగుల దూరం. వినకూడదని కాగితాలు సర్దాను గాని చెవులు సర్దుకోలేదు.

"ఎండలో వెళ్ళుంటే బతికేదా?" అని అడిగింది పెద్దావిడ.

"తెలియదు అత్తయ్యా."

"అబద్ధమైనా చెప్పొచ్చుగా."

"తెలియదు."

ఒక రోగి వచ్చి చీటీ ఇవ్వబోతే నేను వేలితో ఆగమన్నాను.

"నీకు వడదెబ్బ తగులుతుందని అన్నానే. నీకేమన్నా అవుతుందని," అంది పెద్దావిడ.

"తెలుసు. తల మీద తడిగుడ్డ వేసి, నేను నిద్రపోయేదాకా విసురుతూనే ఉన్నారు. అందుకే ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు."

ఆ రోజు ఆసుపత్రిలో బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్తుంటే పెద్దావిడ గోడ వైపు తిరిగి నిలబడిందట. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తొద్దని అందరికీ గట్టిగా చెప్పిందట. ఎత్తకపోతే కోడలు మర్చిపోతుందని ఆవిడ నమ్మకం. అలా పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో మిషనుని తిట్టడమే గాని, పోయిన బిడ్డ గురించి ఎవరూ ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు. ఇది నాకు ఊపిరక్క తర్వాత చెప్పింది.

"ఏ బిడ్డే?" అంది పెద్దావిడ, కోడలి మొహంలోకి చూడకుండా. "ఆడా, మగా?"

ఊపిరక్క వెంటనే చెప్పలేకపోయింది. ఆ మొహంలో, అన్నేళ్ళు ఒక్క గీత కదలని మొహంలో, అన్నీ ఒక్కసారి కదిలాయి. ఆవిడ ఏడుస్తోందని నాకు అర్థం కావడానికే కొంత సేపు పట్టింది.

"ఆడపిల్ల అత్తయ్యా," అంది. "జుట్టు ఒత్తుగా ఉంది. ముక్కు అచ్చం మీదే."

పెద్దావిడ చెయ్యి మెల్లిగా లేచి తన ముక్కు తడుముకుని అక్కడే ఉండిపోయింది.